కిసుము కోర్టులో దుబాసి

మూడో గదిలో
సాక్షి బోనుకీ జడ్జీ బల్లకీ నడుమ
ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. అది నాది.
పేరు ఒచోలా. పని దుబాసి. గంటకింతని కూలి.
ఇటునుంచి ఇంగ్లీషు వస్తే లువో చేసి అటు పంపుతాను.
లాటిన్ వస్తే మాత్రం
ముందు ఒక గుటక మింగుతాను.

చచ్చిపోయిన భాష అంటారు దాన్ని.
నేను నమ్మను.
చచ్చినదైతే ఇంతమందిని ఇంతసేపు
వరండాలో నిలబెడుతుందా?

ఆ మంగళవారం అపొండి వచ్చింది.
దున్గా రేవులో ఎండుచేపలమ్మే మనిషి.
ఎంత తోమినా పోని ఒమేనా వాసన చేతులకి.
కొడుకు ఒడెరో, పడవ ఇంజన్లు బాగుచేసేవాడు.
పదకొండు రోజుల కింద
గుర్రపుడెక్క తోసుకుంటూ ఒడ్డుకొస్తుంటే
యూనిఫాం లేని నలుగురు జీపెక్కించుకుపోయారు.

వకీలు వంజాలా లేచాడు. ఫీజు తీసుకోడు.
దానికీ ఒక మాటుంది, ప్రో బోనో,
మంచి కోసమని.
మంచి కోసం వచ్చినవాడి కాలరు
అంచున నలిగి పీచుదేలింది.
"హేబియస్ కార్పస్" అన్నాడు.

నేను అలవాటుకొద్దీ
మాటకి మాట దించేశాను:
"శరీరాన్ని తెచ్చి చూపండి."

"ఎక్కడ దొరికింది?" అంది అపొండి.

మా రేవులో ఎవరైనా శరీరం అన్నారంటే
సరస్సు తనకొద్దని తిరిగిచ్చిందనే.
అప్పటికే ఆమె తలగుడ్డ ఊడదీసి నడుముకి బిగిస్తోంది,
ఏడుపుకి ముందు మా ఆడవాళ్లు బిగించినట్టు.
కాదమ్మా, కాదు, పాత మాట అది,
మనిషిని ఊపిరితో తెచ్చి
నా కళ్లముందు నిలబెట్టమని జడ్జీ అడిగే మాట,
అని కుర్చీ వదిలి పరుగెత్తాను.
దుబాసి కుర్చీ వదలకూడదు. వదిలాను.

ఆమె చాలాసేపు నన్నే చూసింది.
"మరి ఊపిరితో అని ఎందుకు రాయలేదు?"

ఈ ప్రశ్నని ఇంగ్లీషులోకి మార్చి జడ్జీకి అందించాను.
ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు.
రికార్డులో ఆ చోట
వినబడలేదు అని ఉంది.

మళ్లీ మంగళవారం ఇస్త్రీ చొక్కా పట్టుకొచ్చింది.
వాణ్ణి తెస్తే, ఒంటిమీద చిరుగుతో
పెద్దమనుషుల ముందు ఎట్లా నిలబడతాడని.
ప్రభుత్వ వకీలు కాగితం చూసి చదివాడు:
ఆ పేరుగలవాడు మా ఠాణాలో లేడు.
అలిబీ అంటే వేరేచోట.
ముద్దాయి తనకోసం చెప్పుకోవాల్సిన మాట.
ఇక్కడ పోలీసే చెబుతున్నాడు,
లేని కుర్రాడి తరఫున.

నాలుగు మంగళవారాలు. అదే చొక్కా.
అయిదోసారి జడ్జీ ఫైలు మూసి
"సైనీ డై" అన్నాడు.
"అది ఏ వారం?" అపొండి అడిగింది.

వారం కాదు.
రోజు లేకుండా అని అర్థం.
మళ్లీ ఎప్పుడన్నది ఎక్కడా రాయకుండా
లేచి వెళ్లిపోవడం.
నా నాలుక చివరదాకా వచ్చింది.
"కబురు చేస్తారట" అన్నాను.

ఉన్నదున్నట్టు తర్జుమా చేస్తానని
పదిహేడేళ్ల కింద గ్రంథం మీద చెయ్యి పెట్టాను.
మెన్స్ రియా అంటే
దోషం తెలిసిన మనసు.
దాన్నొక్కటే
ఆ సాయంత్రం ఎవరికీ విప్పి చెప్పక్కర్లేకుండా
మటటూలో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని
ఇంటికి తీసుకెళ్లాను.

ఆమె ఇప్పటికీ వస్తుంది.
కేసు లేదు, పిలుపు లేదు,
చేపలబుట్ట గేటు దగ్గర దించి
ఫైళ్ల కిటికీలోకి వంగి
"హేబియస్ కార్పస్" అంటుంది,
పొద్దుగూకే వేళ ఒడ్డున నిలబడి
అన్నానికి రమ్మని
పేరు సాగదీసి పిలిచినట్టు.

గుమాస్తా నావైపు చూస్తాడు.
నేను నోరు విప్పను.
మొన్న గమనించాను, చొక్కా మడత
ఇంకోవైపుకి మార్చింది.
ఒకే మడత మీద ఉంటే
బట్ట పలచబడుతుందట.